అయిదో ఫిర్యాదు

మా మామయ్య, అంటే మా ఆయన నాన్న, ముప్పై నాలుగేళ్లు బస్సు నడిపారు. ఉద్యోగం నుంచి దిగిపోయాక నెల తిరక్కుండానే పాత వ్యాను ఒకటి కొని, మా వీధి చుట్టుపక్కల పిల్లల్ని బడికి తీసుకెళ్లి తీసుకురావడం మొదలుపెట్టారు. మొత్తం పద్నాలుగు మంది. అందులో ఒకతి మా అమ్మాయి, పదేళ్ల గడుగ్గాయి. ఇంట్లో అందరం దాన్ని ఆ మాటతోనే పిలుస్తాం. అది గర్వంగా పలుకుతుంది.

నేను చెప్పబోయేది ఒక వేసవి సెలవుల సంగతి. బడి మూసిన రోజు నుంచి తెరిచిన రోజు దాకా ఏడు వారాలు. ఆ సెలవుల్లో మా మామయ్య ఆటల కోసం నేనొక గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. ఈ ముక్క చెబితే మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనివ్వండి. నేను మాత్రం ఆ కంప్యూటరు డబ్బా వైపు చూసినప్పుడల్లా మనసులో ఒక దండం పెట్టుకుంటాను.

బడి మూసే ముందు వారం, వ్యాను బయటికి తీస్తుంటే ఎడమ అద్దం మా గేటుకు తగిలి ముక్కలైంది.

"ఈ గేటు పెట్టిన మేస్త్రీకి కొలతలు రావు" అన్నారు మామయ్య, అద్దం పెంకులు ఏరుతూ.

"పదకొండేళ్లుగా దారిచ్చిన గేటు ఇవాళ అడ్డమొచ్చిందా?" అంది అత్తయ్య, గుమ్మంలోంచి.

అందరం నవ్వుకున్నాం. మామయ్య కూడా నవ్వారు. కొత్త అద్దం బిగించారు. పిల్లలకు సెలవులిచ్చేశారు.

బండి లేకపోతే మామయ్యకు పొద్దు పోదు. రోజుకు నాలుగుసార్లు వ్యాను తుడిచేవారు. ఆ బాధ చూడలేక మా ఆయన తన ఫ్యాక్టరీలో ఎవరో అమ్ముతున్న ఆట స్టీరింగు, పెడల్సు తెచ్చి నా కంప్యూటరుకు తగిలించారు. నేను ఇంట్లోనే కూర్చుని ఫోటో స్టూడియోలకు ఆల్బములు చేసి పెడతాను. జనం ముఖాల మీద మొటిమలు, గోడల మీద మరకలు తుడిచేయడం నా పని. అందుకే కంప్యూటరు పొద్దుటి పూట నాది, మధ్యాహ్నం మూడు తర్వాత మామయ్యది అని ఒప్పందం కుదిరింది.

ఆయనకు నచ్చిన ఆట ఒకటే, బస్సు నడిపే ఆట. తుపాకులూ పరుగుపందేలూ చూపిస్తే "ఎందుకమ్మా ఆ తొందర, టైముకి చేరితే చాలదూ" అనేవారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ కూర్చునేవారు. ప్రతి స్టాపులో ఆపేవారు. ఎవరూ లేని స్టాపులో కూడా ఆపి, అటూ ఇటూ చూసి, అప్పుడు కదిలించేవారు. గడుగ్గాయి పక్కన స్టూలు వేసుకుని కండక్టరు పని చేసేది.

మొదటి వారం హాయిగా గడిచింది. రెండో వారంలో ఫిర్యాదులు మొదలయ్యాయి.

మామయ్య పనిచేసిన డిపోలో ఒక పద్ధతి ఉండేదట. డ్రైవరు బండి దిగగానే లోపాలన్నీ పుస్తకంలో రాయాలి. మెకానిక్కు ఏం చేశాడో పక్క గడిలో రాస్తాడు. మర్నాడు డ్రైవరు బండి నడిపి చూసి, బాగుపడిందని నమ్మితేనే మూడో గడిలో సంతకం పెట్టాలి. సంతకం పడందే ఆ లోపం పుస్తకంలో బతికున్నట్టే లెక్క. నమ్మకుండా సంతకం పెట్టినవాడు డ్రైవరే కాదని మామయ్య సిద్ధాంతం. ముప్పై నాలుగేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? గడుగ్గాయి పాత నోటుబుక్కు ఒకటి తీసుకుని, మూడు గడులు గీసి, ఆటలో లోపాలు రాయడం మొదలుపెట్టారు. అదీ డిపో భాషలోనే.

దూరపు బోర్డులు దగ్గరకు వచ్చువరకు చదువుటకు వీలుకాకున్నవి. చెట్లు, భవనములు ఉండి ఉండి ఊడిపడుచున్నవి. నీడలు వణుకుచున్నవి. కరెంటు తీగలు మెట్లు మెట్లుగా కనబడుచున్నవి. ఎడమ ప్రక్క నుండి వచ్చు వాహనములు ముందుగా కనబడక, ఒక్కసారిగా ప్రత్యక్షమగుచున్నవి.

మొత్తం అయిదు. కింద తేదీ వేసి నా ముందు పెట్టారు.

"నేను మెకానిక్కునా మామయ్యా?" అన్నాను.

"బండి నీది కదమ్మా."

నేను కూర్చుని చూశాను. మొదటి నాలుగూ నిజమే. తెర మీద బొమ్మలు గీసే నా పాత కార్డు ఫోటోలకు సరిపోయేది గానీ ఆ ఆటకు చాలడం లేదు. రోడ్డు చివర బూడిద రంగు ముద్దలు, దగ్గరకెళ్లేసరికి అవే ఇళ్లు. మరకలు తుడిచి బతికేదాన్ని కదా, ఆ బొమ్మలు చూస్తుంటే నాకే చిరాకేసింది. అయిదోది నాకు తెలియలేదు. చెట్లు ఊడిపడుతున్నప్పుడు స్కూటర్లు ఊడిపడవా ఏం అనుకుని వదిలేశాను.

ఇంతలో ఆటలో ఆయన బస్సు రోజుకు మూడుసార్లు ఎవరినో ఒకరిని గుద్దుతోంది. ఎప్పుడు చూసినా ఎడమవైపే. గుద్దిన ప్రతిసారీ ఆయన ముఖం చిన్నబోయేది. ముప్పై నాలుగేళ్లలో ఒక్క గీత పడనివ్వని మనిషి.

"కంప్యూటరే సరిగా చూపించట్లేదు" అన్నారు ఒకరోజు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మామయ్యా" అన్నాను నేను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత ఎంత బాధపడ్డానో నాకే తెలుసు. అప్పుడు మాత్రం ఆయన బెట్టు వదిలించడానికి, "సరే, మద్దెల మారుద్దాం, చూద్దాం" అన్నాను. కొత్త కుర్చీ కొనుక్కుందామని దాచుకున్న డబ్బుంది. కుర్చీ కొన్నాళ్లు ఆగినా నడుము ఏమీ అనదు.

అత్తయ్య మాత్రం అంది. "తాతకి ఆటబొమ్మ కొంటానంటే ఊరుకుంటావుట్రా" అని కొడుకుని నిలదీసింది. మా ఆయన "నాన్న బండి తుడిచి తుడిచి రంగు ఊడగొట్టడం కంటే నయమే కదమ్మా" అని తప్పించుకున్నారు.

ఫిర్యాదుల పేజీని ఫోన్లో ఫోటో తీసుకుని కంప్యూటరు కార్డుల షాపుకు వెళ్లాను. షాపాయన చెవి వెనక ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు ఉంటుంది. ముందు ఆయన ఎప్పటిలాగే ఫోటోల పని కోసం వచ్చాననుకుని ఆ మాటలే మొదలుపెట్టారు. నేను ఫోను చూపించాను. చదివారు. మళ్లీ మొదటి నుంచి చదివారు.

"పాతికేళ్లుగా ఈ షాపులో కూర్చున్నానమ్మా. రోగం ఇంత శుభ్రంగా రాసుకొచ్చిన కస్టమరు ఒక్కడూ రాలేదు. ఎవరు రాశారు?"

"మా మామగారు. బస్సు డ్రైవరు."

"నమస్కారం చెప్పానని చెప్పండి."

రెండు కార్డులు బల్ల మీద పెట్టారు. ఒకటి కొత్తగా వచ్చింది, వేగం ఎక్కువ, మెమరీ తక్కువ. రెండోది నిరుడు వచ్చింది, వేగం కాస్త తక్కువ గానీ మెమరీ రెండింతలు. నా కళ్లు సహజంగానే కొత్తదాని మెరుపుల మీదకు పోయాయి.

"అది కుర్రాళ్ల కార్డు" అన్నారు ఆయన. "పరిగెత్తి కాల్చే ఆటలకి వేగం కావాలి. బస్సు పరిగెత్తదు కదమ్మా. మీవాళ్లకి కావల్సింది బొమ్మ. దూరంగా ఉన్న బోర్డు, ఇల్లు, చెట్టు అన్నీ ఒకేసారి దగ్గర పెట్టుకుని చూపించాలంటే మెమరీ ఉండాలి. ఈ నిరుటిదే తీసుకోండి. మీ డబ్బాలో కరెంటు సప్లై దీనికి సరిపోతుంది, కొత్తదానికైతే అదీ మార్చాలి. డబ్బా లోపల ఎంత చోటుందో కొలిచారా?"

కొలిచాను. గడుగ్గాయి స్కేలుతో కొలిచి అరచేతి మీద రాసుకొచ్చాను. చూపిస్తే నవ్వి, "మీ ఇంట్లో అందరూ ఇంతేనా?" అన్నారు.

బిల్లు రాయబోతూ ఆగి, ఫోను మళ్లీ అడిగి తీసుకున్నారు.

"మొదటి నాలుగూ ఈ కార్డుతో పోతాయి, నాదీ పూచీ. అయిదోదానికి మాత్రం నేను మాటివ్వలేనమ్మా."

"ఎందుకండీ? అదీ ఊడిపడటమే కదా?"

"ఊడిపడితే రెండు పక్కలా ఊడిపడాలి. ఒక్క ఎడమ పక్కే అని రాశారాయన. కార్డుకి ఎడమా కుడీ తెలీదు."

నాకు ఆ మాట సరదాగా అనిపించింది. దారంతా దాన్నే తలుచుకుని నవ్వుకున్నాను. ఎంత తెలివి తక్కువదాన్ని!

మర్నాడు మధ్యాహ్నం కార్డు బిగించాను. గడుగ్గాయి టార్చి పట్టుకుంది. మామయ్య నా భుజం మీంచి చూస్తూ, "స్క్రూలు పోకుండా మూతలో వేసుకో. ముందు చేత్తో తిప్పు, తర్వాత బిగించు" అంటూ నిజమైన డిపోలో నిలబడ్డట్టే నిలబడ్డారు. అత్తయ్య టీ తెచ్చి, "అయిందా ఆపరేషను?" అని అడిగింది.

ఆట తెరిచాను. అబ్బ! ఆ వీధిని మేం ఎప్పుడూ చూడనట్టే ఉంది. కిలోమీటరు అవతల బోర్డు మీద అక్షరాలు కూడా తెలుస్తున్నాయి. కరెంటు తీగలు గీత గీసినట్టున్నాయి. నిన్నటి బూడిద ముద్దలకు ఇవాళ కిటికీలు, కిటికీలకు ఆరేసిన బట్టలు. అత్తయ్య టీ కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయి, "ఆ మేడ మీద బట్టలు తడుస్తాయేమో, ఆకాశం చూడు ఎలా ఉందో" అంది. దాంతో అందరికీ నవ్వాగలేదు.

మామయ్య నవ్వుతూనే నోటుబుక్కు తీశారు. పద్ధతి పద్ధతే. ట్రయలు వేయాలి. స్టాండు నుంచి బయల్దేరారు. బోర్డులు చదివారు, సంతకం పెట్టారు. చెట్లు, సంతకం. నీడలు, సంతకం. తీగలు, సంతకం. నాలుగు సంతకాలూ ఒక్క తీరుగా, జీతం పుస్తకంలో పెట్టినట్టు పెట్టారు. నాకైతే పరీక్ష పాసైనంత సంబరం.

అప్పుడు బజారు కూడలి వచ్చింది. ఎడమ సందులోంచి పసుపు స్కూటరొకటి వస్తోంది. మామయ్య ఆపలేదు. ఢీకొట్టేశారు.

"తాతయ్యా! స్కూటరు!"

"ఎక్కణ్ణుంచి వచ్చిందే ఇది? చూశావా అమ్మాయ్, అయిదోది పోలేదు."

"ఇందాకట్నుంచీ ఉంది కదా తాతయ్యా" అంది గడుగ్గాయి. "పాల డబ్బాల షాపు దగ్గర్నుంచీ వస్తూనే ఉంది."

ఆ ఆటలో నడిచిన దారిని వెనక్కి తిప్పి చూసుకునే వీలుంది. గడుగ్గాయి చేతికి మౌసు రాగానే వెనక్కి తిప్పింది. స్కూటరు సందు మొదట్లో కనిపించగానే బొమ్మ ఆపేసింది. "ఇదిగో" అంది. నాకు స్పష్టంగా కనిపిస్తోంది. స్కూటరు నడిపేవాడి హెల్మెట్టు మీద తెల్ల చార కూడా కనిపిస్తోంది. పాత కార్డైతే మసక అనుకుని ఉండేవాళ్లం. ఇప్పుడు మసక అనడానికి వీల్లేదు.

మామయ్య నిటారుగా కూర్చుని, తెర మధ్యలో ఉన్న సిగ్నలు దీపం వైపు చూశారు. రోడ్డు మీద డ్రైవరు చూసినట్టే.

"లేదు" అన్నారు.

తల కొంచెం ఎడమకు తిప్పారు.

"ఉంది" అన్నారు.

మళ్లీ దీపం వైపు చూశారు. ఒక చేత్తో ఎడమ కన్ను మూసుకున్నారు, తీశారు. కుడి కన్ను మూసుకున్నారు. అలాగే చాలాసేపు ఉన్నారు. ఆగిన బొమ్మలో స్కూటరువాడు కూడా అలాగే ఉన్నాడు. గేటు, విరిగిన అద్దం, పద్నాలుగు మంది పిల్లలు, వాళ్లలో నా బిడ్డ. అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి.

మామయ్య స్టీరింగు మీంచి చేతులు తీశారు. నోటుబుక్కు ఒళ్లోకి తీసుకుని, అయిదో వరుసలో, మెకానిక్కు రాయాల్సిన గడిలో తనే రాశారు. వాహన దోషము కాదు. మూడో గడి ఖాళీగా వదిలేశారు. చొక్కా జేబులోంచి వ్యాను తాళం తీసి పుస్తకం మీద పెట్టారు.

"రేపు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్దామమ్మా" అన్నారు. "టీ చల్లారిపోయింది, వేడి చేసి పట్రా."

కళ్ల డాక్టరు అమ్మాయి నా వయసుదే. అక్షరాల బోర్డు చదవమంటే మామయ్య చివరి వరుస దాకా గడగడా చదివేశారు. అత్తయ్య ముఖం విప్పారింది. కానీ డాక్టరమ్మ ఆయన్ని ఒక గిన్నెలాంటి యంత్రంలోకి చూడమని, చుట్టూ చుక్కల వెలుగులు చూపించి, కనిపించినప్పుడల్లా మీట నొక్కమంది. ఎడమవైపు వెలుగులకు ఆయన ఒక్కసారి కూడా మీట నొక్కలేదు.

"నీటికాసులు, గ్లకోమా అంటాం" అంది డాక్టరమ్మ. "నొప్పుండదు, మసకుండదు. ఎదురుగా అంతా బాగానే కనిపిస్తుంది, పక్కలు మెల్లగా పోతాయి. ఎడమ కన్ను చాలావరకు పోయింది. కుడి కంట్లో కూడా ముక్కు వైపు, అంటే ఎడమ పక్కే, మొదలైంది. ఇంకో ఏడాది ఆగి వచ్చుంటే చేతికర్ర కొనమని చెప్పేదాన్ని."

"పోయింది వస్తుందా అమ్మా?" అని అడిగింది అత్తయ్య.

"రాదండీ. ఉన్నది పోకుండా చూద్దాం. రోజూ చుక్కలు వేయాలి, ఒక్క రోజు కూడా మానకూడదు. ఇంతకీ మీకెలా తెలిసింది? ఈ జబ్బున్నవాళ్లు సాధారణంగా వాళ్లంతట వాళ్లు రారు."

మామయ్య నా వైపు చూశారు. నేను గొంతు సవరించుకుని, "గ్రాఫిక్స్ కార్డు మార్చామండీ" అన్నాను. డాక్టరమ్మ మొదట నవ్వింది. అంతా విన్నాక నవ్వడం మానేసి, నోటుబుక్కు ఒకసారి చూపిస్తారా అని అడిగింది. ఈ జబ్బు వంశంలో వస్తుందని చెప్పి, మా ఆయన్ని కూడా పంపమంది. ఆయన కళ్లు బాగున్నాయని తెలిసిన రోజున మా ఇంట్లో ఎవరికీ ఆకలేయలేదు, అంత ఊరట.

ఆ రోజు ఆస్పత్రి బయటికొచ్చాక నేను మామయ్య చెయ్యి పట్టుకున్నాను. "మద్దెల ఓడని అన్నాను మామయ్యా, తప్పైపోయింది" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"పిచ్చిదానా, నువ్వు మద్దెల మార్చబట్టే కదూ తెలిసింది" అన్నారు ఆయన.

ఇంటికొచ్చాక అసలు ప్రశ్న వచ్చింది. బడి తెరవడానికి నాలుగు వారాలుంది. వ్యాను ఎవరు నడపాలి? మా ఆయనకు షిఫ్టులు. వ్యాను అమ్మేద్దామన్నారు మామయ్య, గోడ వైపు చూస్తూ. ఆ గొంతు వినలేకపోయాను.

"నాకు లైసెన్సుంది కదా" అన్నాను. తీసుకున్న నాటి నుంచి దాన్ని బీరువాలోంచి బయటికి తీసింది లేదు. బండి చూస్తే నాకు భయం.

"పెద్ద బండికి పరీక్ష వేరే ఉంటుందమ్మా."

"నేర్పండి."

నేర్పారు. ముందు వారమంతా ఆటలో. తన కుర్చీ నాకిచ్చి, తను గడుగ్గాయి స్టూలు మీద కూర్చున్నారు. కొత్త కార్డు చూపించే ఆ చక్కని వీధుల్లో నేను చెత్తకుండీలను, దీపస్తంభాలను, ఒకసారి ఏకంగా పోలీసు స్టేషన్ను గుద్దాను. అత్తయ్య టీవీ మానేసి నన్నే చూసేది. తర్వాత ఊరి చివర ఖాళీ మైదానంలో వ్యాను మీద. ఆయన ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. "చూపు ఒకచోట పాతెయ్యకు. ఎదురు, ఎడమద్దం, ఎదురు, కుడద్దం. కన్ను తిరుగుతూ ఉండాలి" అని మాత్రం రోజుకు వందసార్లు చెప్పేవారు. చెబుతూ చెబుతూ ఒకసారి ఆగిపోయి, బయటికి చూస్తూ ఉండిపోయారు. నేను ఇంజను ఆపి, ఆయన మళ్లీ మాట్లాడేదాకా కూర్చున్నాను.

మొదటిసారి రివర్సులో పరీక్ష పోయింది. రెండోసారి పాసయ్యాను. ఆ సాయంత్రం కార్డుల షాపాయనకు కబురు చెప్పడానికి వెళ్లాను. ఆయన చెవి వెనక స్క్రూడ్రైవరు తీసి, మళ్లీ పెట్టుకుని, "నాకేం తెలుసమ్మా, నోటికొచ్చింది అన్నాను" అన్నారు. కళ్లు మాత్రం తడిశాయి. మర్నాడే తనూ కళ్లు చూపించుకుంటానన్నారు.

బడి తెరిచిన రోజు పొద్దున్నే మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని నా పక్క సీట్లో కూర్చున్నారు. ఒళ్లో నోటుబుక్కు. పద్నాలుగు మందీ ఎక్కారు. "ఇవాళ ఆంటీయా?" అని ఒకడు నీరసపడితే, "మా అమ్మకి తాతయ్య నేర్పాడు తెలుసా?" అని గడుగ్గాయి వాడి నోరు మూయించింది. గేటు దాటాను. అద్దానికి గీత పడలేదు. కూడలి దగ్గర ఎడమ సందులోంచి సైకిలు మీద ఒక పెద్దమ్మ వస్తే ముందే చూసి ఆగాను. మామయ్య ఎదురుగా చూస్తున్నారు. ఆమె మా ముందు నుంచి వెళ్తున్నప్పుడు గానీ ఆయనకు కనిపించలేదు. పెన్ను తీసి ఏదో రాసుకున్నారు.

సాయంత్రం పిల్లల్ని దింపి వచ్చాక, ఆయన చుక్కల మందు వేయించుకుని కళ్లు మూసుకుని పడుకున్నప్పుడు, నోటుబుక్కు మెల్లగా తీశాను. ఆ రోజు పేజీలో నా మీద ఏడు ఫిర్యాదులున్నాయి. క్లచ్చి మీద కాలు విశ్రమించుచున్నది. హారను అనవసరముగా మోగించుచున్నది. అలా ఏడు. మంచిదే, రేపు సరిచేస్తాను.

పేజీ వెనక్కి తిప్పాను. అయిదో వరుస దగ్గర, ఇన్నాళ్లుగా ఖాళీగా ఉన్న మూడో గడిలో ఆ రోజు తేదీ వేసి ఉంది. పక్కన మామయ్య సంతకం. గడి చాలక అంచు దాకా చిన్న అక్షరాల్లో రాశారు.

ఎడమ ప్రక్క కోడలు చూచుచున్నది.